జ్ఞాపకం ఎవరి ఆస్తి?

సినిమాను చూసి రాసిన నవలను మన విమర్శ ఏనాడూ సాహిత్యం పంక్తిలో కూర్చోబెట్టలేదు. ఒకప్పుడు తెలుగులో ‘వెండితెర నవల’ అని ఒక రకం ఉండేది. ఆడుతున్న సినిమా కథనే సంభాషణలతో సహా చిన్న పుస్తకంగా వేసి అమ్మేవారు. ముళ్ళపూడి వెంకటరమణ వంటి రచయిత కూడా అవి రాశారు. ఇంట్లోకే సినిమా వచ్చిన తరవాత ఆ పుస్తకంతో పని లేకపోయింది. అది పోయినందుకు ఎవరూ బాధపడలేదు.

ఇంగ్లీషులో ఆ రకం చావలేదు. సినిమా కథను తిరిగి చెప్పడంతో మొదలై, సినిమాకు ముందు ఏం జరిగింది, రెండు సినిమాల మధ్య ఏం జరిగింది, తెర మీద రెండు నిమిషాలు కనిపించి పోయిన మనిషి బతుకేమిటి అని అల్లుకుంటూ పోయింది. ఒక్కొక్క సినిమా వరస చుట్టూ పదులకొద్దీ నవలలు పేరుకున్నాయి. వీటిని చదివే విద్యార్థులు మన విశ్వవిద్యాలయాల్లోనూ ఉన్నారు. అచ్చులో ఇంతగా నడిచే కల్పనను ‘చెత్త’ అని ఒక్క మాటతో తోసేస్తే ఆ చెత్త తయారయ్యే పద్ధతి ఏమిటో మనకెప్పటికీ తెలియదు. ఆ పద్ధతిని బాగా చూపించే ఉదాహరణగా ‘ఏలియన్’ సినిమాల చుట్టూ పుట్టిన నవలలను ఇక్కడ తీసుకుంటున్నాను.

1979లో రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో వచ్చిన ‘ఏలియన్’ను చాలామంది భయానక చిత్రంగా గుర్తుపెట్టుకున్నారు. మనిషి రొమ్ము చీల్చుకుని బయటికొచ్చే జీవి, చీకటి నడవలు, ఒక్కొక్కరుగా పోయే మనుషులు. ఆ మనుషులు దీర్ఘనిద్ర నుంచి లేచి తొలి భోజనం దగ్గర మాట్లాడుకునేది మాత్రం బోనసు గురించి. ఇంజను పని చేసే పార్కర్, బ్రెట్ అనే ఇద్దరు మిగతావాళ్ళకంటే తమకు తక్కువ వాటా ఎందుకని అడుగుతారు. వాళ్ళ ఓడ నోస్ట్రోమో ముడిఖనిజాన్నీ దాన్ని శుద్ధిచేసే కర్మాగారాన్నీ లాక్కుపోయే సరుకు ఓడ. దారిలో ఒక సంకేతం అందుతుంది. పోయి చూడడం మా పని కాదంటాడు పార్కర్. అప్పుడు సైన్సు అధికారి ఆష్ కాంట్రాక్టులోని ఒక షరతు గుర్తుచేస్తాడు. తెలివిగల ప్రాణుల నుంచి వచ్చిందేమోననిపించే ఏ సంకేతాన్నయినా పరిశీలించి తీరాలి. లేకుంటే వాటా మొత్తం పోతుంది. పార్కర్ నోరు మూతపడుతుంది. వెళ్తారు. చివరికి రిప్లీ అనే ఒక స్త్రీ, ఒక పిల్లి తప్ప ఎవరూ మిగలరు. ఆష్ కంపెనీ పెట్టిన మరమనిషి అనీ, ఆ జీవిని తెస్తే చాలు, సిబ్బంది పోయినా ఫరవాలేదన్న రహస్య ఆదేశం ముందునుంచీ ఉందనీ మధ్యలో బయటపడుతుంది. మృగం ఎంత భయంకరమైనదైనా ఆ కథను కదిలించింది కాంట్రాక్టు కాగితమే.

ఆ ఓడ పేరు కూడా గమనించవలసిందే. ‘నోస్ట్రోమో’ జోసెఫ్ కాన్రాడ్ 1904లో వేసిన నవల. కోస్తాగ్వానా అనే కల్పిత దక్షిణ అమెరికా దేశం, అందులో సులాకో అనే రేవు, దాని వెనక ఒక వెండి గని. గని ఇంగ్లీషు వంశస్థుడిది. దాని వెనక ఉన్న డబ్బు అమెరికాది. నోస్ట్రోమో రేవు కూలీల మేస్త్రీ. దొరలు అతన్ని ‘మనవాడు’ అన్న అర్థంలో అలా పిలుస్తారు. దొరల వెండిని ప్రాణాలకు తెగించి కాపాడి, ఆ వెండికే బానిసై, చివరికి దానివల్లే చస్తాడు. 1986లో వచ్చిన రెండో సినిమా ‘ఏలియన్స్’లో సైనికుల ఓడ పేరు సులాకో. మొదటి సినిమాలో రిప్లీ తప్పించుకునే చిన్న పడవ ‘నార్సిసస్’ పేరు కూడా కాన్రాడ్ మరో సముద్ర నవల లోనిదే. పెట్టినవాళ్ళు ఎంత దూరం ఆలోచించారో గాని పేర్లు మాత్రం అతికినట్టు కుదిరాయి. కంపెనీకి ‘మనవాడు’గా పనిచేసి కంపెనీ సరుకుకు బలైపోయే మనిషి కథ అది.

ఈ సినిమాను నవలగా రాసే పని అలన్ డీన్ ఫాస్టర్‌కు దక్కింది. ఈ వృత్తిలో చేయి తిరిగినవాడు. ‘స్టార్ వార్స్’ తొలి నవల రాసింది ఇతనే. సినిమా 1977 మేలో వస్తే నవల 1976 చివరలోనే వచ్చింది. అట్ట మీద పేరు మాత్రం దర్శకుడు జార్జ్ లూకాస్‌ది. మరుసటి సంవత్సరం, 1978లో, ఫాస్టర్ తన పేరుతో దానికొక కొనసాగింపు రాశాడు. ఆ కథంతా మంచు పొగ కమ్మిన ఒక గ్రహం మీద నడుస్తుంది. ఎందుకంటే సినిమా ఆడకపోతే ఈ కథనే తక్కువ ఖర్చుతో రెండో సినిమాగా తీయాలని వాళ్ళ లెక్క; పొగలో సెట్టింగుల ఖర్చు కలిసొస్తుంది. సినిమా విపరీతంగా ఆడింది. పొగ గ్రహం అవసరం తీరిపోయింది. ఒక నవలలో ప్రకృతి వర్ణన ఎలా పుడుతుందో చెప్పడానికి మన అలంకారికులకు ఇలాంటి కారణం తట్టి ఉండదు.

‘ఏలియన్’ విషయంలో చిక్కు ఇంకో రకం. ఆ జీవి ఎలా ఉంటుందో ఫాస్టర్‌కు చూపించలేదు. బొమ్మ కూడా ఇవ్వలేదు. నవలంతా దేని చుట్టూ తిరుగుతుందో దాన్ని చూడకుండా రాయాలి! వృత్తి తెలిసిన రచయిత కాబట్టి ఆ లోటును పనికొచ్చేట్టు మలుచుకున్నాడు. మృగాన్ని వర్ణించకుండా దానికోసం ఎదురుచూసే మనుషులను రాశాడు. నవల ఎత్తుగడ ఓడలో నిద్రపోతున్న ఏడుగురి కలలతో మొదలవుతుంది. సినిమాకు సాధ్యంకాని పని అది. కెమెరా గాజు పెట్టెలో ముఖాలను చూపగలదు, అంతే. ఎవరి కల ఎలాంటిదో చెప్పడంలో ఎవరు ఎలాంటి మనిషో తెలుస్తుంది. విడుదలైన సినిమాలోంచి కోసేసిన ఒక ఘట్టం కూడా నవలలో ఉంది: గూడులో చిక్కి సగం చచ్చిన కెప్టెన్ డల్లాస్‌ను రిప్లీ కనుగొనడం. ప్రేక్షకులు దాన్ని మళ్ళీ తెర మీద చూడడానికి 2003 దాకా ఆగవలసి వచ్చింది. వాక్యం అంత గొప్పది కాదు. పాత్రలు కొన్నిచోట్ల అవసరానికి మించి మాట్లాడతాయి. అయినా ఇది నిజాయితీగా చేసిన పని, దీన్ని చిన్నచూపు చూడడానికి కారణం లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఇంకొకరి కథను ఎత్తుకుని రాయడం మనకు కొత్తా? మన కావ్య చరిత్రే అలా మొదలైంది గదా? నిజమే. నన్నయ సగంలో వదిలిన అరణ్యపర్వాన్ని ఎఱ్ఱన పూరించాడు. పూరించి, తన పేరు ముందుకు తోసుకోకుండా, నన్నయ రాసినట్టుగానే రాజరాజ నరేంద్రుడికి అంకితంగా ముగించాడు. ఫాస్టర్ లూకాస్ పేరుతో రాయడానికీ దీనికీ పైకి చూస్తే పోలిక ఉంది. రాజాస్థానాలను ఆదర్శంగా చూపే ఉద్దేశం నాకు లేదు. పోషకుడి నీడ ఆ పద్యాల మీదా ఉంది. కాని ఒక తేడా పెద్దది. భారతకథ ఎవరి సొత్తూ కాదు. నీ పద్యంలో ధర్మరాజు పేరు మార్చు, లేకపోతే వచ్చే ఏడాది మేం తీయబోయే దానితో చిక్కొస్తుంది అని ఎఱ్ఱనకు ఉత్తరం రాయగల అధికారి ఎవరూ లేరు.

అలాంటి ఉత్తరాల కాలంలో జరిగిన కథ ఇది. రెండో సినిమాలో రిప్లీతో పాటు న్యూట్ అనే చిన్నపిల్ల, హిక్స్ అనే సైనికుడు ప్రాణాలతో బయటపడతారు. ప్రేక్షకులకు వాళ్ళంటే ఇష్టం. 1988లో మార్క్ వర్హైడెన్ బొమ్మల కథగా దీని కొనసాగింపు మొదలుపెట్టాడు. అందులో న్యూట్ పెరిగి పెద్దదై, పీడకలలు వదలక ఆస్పత్రిలో ఉంటుంది. హిక్స్ ముఖం మీద మచ్చతో, అంతకంటే లోతైన మచ్చతో తిరుగుతుంటాడు. బాగుంది. యుద్ధం అయిపోయాక బతికినవాళ్ళకు ఏమవుతుంది అన్న ప్రశ్న గౌరవించదగింది. ఇంతలో 1992లో మూడో సినిమా వచ్చింది. మొదటి కొద్ది నిమిషాల్లోనే న్యూట్, హిక్స్ ఇద్దరూ చచ్చిపోయారు, నిద్రలోనే. ఆ సంవత్సరమే స్టీవ్ పెర్రీ ఈ బొమ్మల కథను ‘ఎర్త్ హైవ్’ అనే నవలగా రాశాడు. చచ్చినవాళ్ళు బతికి తిరగకూడదు గనక న్యూట్ పేరు బిల్లీ అయింది. హిక్స్ పేరు విల్క్స్ అయింది. వాళ్ళ ఊరు వేరు, వాళ్ళ మీద పడిన ఆపద వేరు. గాయాలు మాత్రం అవే.

చదివితే విచిత్రమైన అనుభవం అది. బిల్లీ అనే అమ్మాయి మరో అమ్మాయి దుఃఖాన్ని మోస్తుంటుంది. ఆ దుఃఖానికి కారణమైనవి పుస్తకంలో లేవు, సినిమాలో ఉన్నాయి. సినిమాలో ఉన్నాయని పుస్తకం ఒప్పుకోకూడదు. మూడో నవల ‘ది ఫీమేల్ వార్’ 1993లో స్టీవ్ పెర్రీ, స్టెఫనీ పెర్రీ కలిసి రాశారు. అందులో రిప్లీ కనిపిస్తుంది. మూడో సినిమాలో ఆమె కూడా చచ్చిపోయింది కదా, ఎలా? ఆమె అసలు రిప్లీ కాదు, ఆమె జ్ఞాపకాలు నింపిన మరమనిషి అని తేలుస్తారు. బొమ్మల కథలో మనిషిగా ఉన్న స్త్రీ నవలలోకి వచ్చేసరికి యంత్రమైంది. రచయితల ఊహాశక్తి లోపం అనడం అన్యాయం. యజమాని వేరే గదిలో తీసుకున్న నిర్ణయానికి వీళ్ళు వాక్యాలతో సర్దుబాటు చేస్తున్నారు.

మూడో సినిమా నవల మళ్ళీ ఫాస్టర్‌కే ఇచ్చారు. న్యూట్‌ను చంపడం అతనికి మింగుడు పడలేదు. నవలలో పిల్లను బతికించి నిద్రలోనే ఉంచాలని చూశాడు. కుదరదు, స్క్రిప్టులో ఉన్నట్టే రాయాలన్నారు. రాశాడు. నాలుగో సినిమా ‘రిసరెక్షన్’ నవలను రాయమంటే ఒప్పుకోలేదు. 1997లో దాన్ని ఏ.సి. క్రిస్పిన్ రాసింది. ఈ వృత్తిలో రచయిత చేతిలో మిగిలిన హక్కు ఇదొక్కటే అనిపిస్తుంది, రాయనని చెప్పే హక్కు. కూలివాడికి పనిలోంచి లేచిపోయే హక్కు ఉన్నట్టే ఇదీ.

2014లో ఈ నవలల్లో ఒక కొత్త విడత మొదలైంది. హక్కుదారులు ఈసారి ముందే జాగ్రత్తపడ్డారు. నవలలన్నీ సినిమాలతో పొసగాలి; సినిమా చెప్పినదాన్ని ఏ ఒక్కటీ కాదనకూడదు. తొలి నవల టిమ్ లెబ్బన్ రాసిన ‘అవుట్ ఆఫ్ ది షాడోస్’. దీని గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి. ఈ రకం నవల స్వభావమంతా ఇందులో దాపరికం లేకుండా కనిపిస్తుంది.

మొదటి సినిమా చివర రిప్లీ నిద్రపోతుంది. రెండో సినిమా మొదట్లో యాభై ఏడేళ్ళ తరవాత ఆమెను కనుగొంటారు. ఆ మధ్యకాలంలోకి లెబ్బన్ ఒక నవలను దూర్చాడు. ముప్ఫై ఏడో ఏట రిప్లీ పడవ ‘మారియన్’ అనే గని ఓడ దగ్గరికి చేరుతుంది. కింద గ్రహం మీద ట్రైమోనైట్ అనే గట్టి పదార్థం తవ్వే గని. గనిలోంచి ఆ జీవులు బయటికొచ్చాయి. పాడైన ఓడలో మిగిలిన కొద్దిమంది పనివాళ్ళు ఉన్నారు. వాళ్ళకు పెద్ద హూపర్ అనే చీఫ్ ఇంజనీరు. రిప్లీ పడవ ఇక్కడికి రావడం కాకతాళీయం కాదు. ఆష్ బుర్ర పడవ కంప్యూటరులో దూరి ఇంకా కంపెనీ పని చేస్తూనే ఉంది. కంపెనీ మనిషి చచ్చినా కంపెనీ ఆదేశం చావదన్నమాట. మంచి ఊహ ఇది. పనివాళ్ళను లెబ్బన్ పనివాళ్ళలాగే రాశాడు. భయపడినప్పుడు కూడా వాళ్ళు పైపుల గురించి, ఇంధనం గురించి ఆలోచిస్తారు. రిప్లీ మళ్ళీ పోరాడుతుంది. మనుషులతో కలుస్తుంది, ఒకరిని నమ్ముతుంది, వాళ్ళను పోగొట్టుకుంటుంది.

ఇదంతా జరిగాక ఆమె మళ్ళీ నిద్రపోవాలి. రెండో సినిమాలో లేచేటప్పటికి ఆమెకు ఇవేవీ తెలియవు గదా. అందుకని వైద్య యంత్రంలో ఆమె జ్ఞాపకాలను తుడిచేస్తారు. మూడు వందల పేజీల నవల నాయిక తలలోంచి చెరిగిపోతుంది. సినిమాకు గీత కూడా పడలేదు. యజమానికి ఇచ్చిన మాట నిలబడింది.

నవల అంటే ఏమిటి? మనిషికి ఏదో జరిగి, ఆ జరిగినదాని వల్ల ఆ మనిషి మారడం. సంఘటనలు ఎన్నున్నా మనిషి మొదటి పేజీలో ఎక్కడున్నాడో చివరి పేజీలోనూ అక్కడే ఉంటే దాన్ని మనం నవలగా లెక్కపెట్టం. ‘అవుట్ ఆఫ్ ది షాడోస్’లో రిప్లీ నిజంగానే మారుతుంది, ఆ మార్పునే చివర్లో కోసేస్తారు. రచయిత తన శ్రమను తన చేత్తోనే చెరిపి అప్పగించాలి. ఈ నవలకు అది శిల్పదోషం అని చెబితే సరిపోదు. అది కాంట్రాక్టు షరతు. ఆస్తి తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగి అప్పజెప్పాలి. అద్దె ఇంటి గోడకు మేకు కొట్టకూడదన్నట్టు.

నిద్ర అంటే మనకు వెంటనే తోచే కథ ఒకటుంది. ‘ఊర్మిళాదేవి నిద్ర’. లక్ష్మణుడు అడవికి పోతే పద్నాలుగేళ్ళు ఏమైందో వాల్మీకి పట్టించుకోని ఊర్మిళను తెలుగు ఆడవాళ్ళు పాట కట్టారు. ఇది కూడా ప్రసిద్ధ కథలో ఖాళీని పూరించడమే. ఆ ఊర్మిళ కూడా నిద్రపోయింది. కాని లేచినప్పుడు మాట్లాడింది. ఎదురుగా ఉన్నది మొగుడని తెలియక, పరాయివాడు గదిలోకి వచ్చాడనుకుని మందలించింది. పద్నాలుగేళ్ళ ఎడబాటంతా ఆ మందలింపులో వినిపిస్తుంది. ఆ పాట కట్టినవాళ్ళకు మూలకథ యజమాని ఎవరూ లేరు. అందుకే ఖాళీలో పుట్టిన ఊర్మిళ మూలకథ మీదికి తిరిగి చూడగలిగింది. చాలా కాలానికి ఓల్గా ‘విముక్త’ కథల్లో ఊర్మిళ మళ్ళీ రాగలిగిందన్నా కారణం అదే. రిప్లీకి ఆ వీలు లేదు. ఖాళీలో ఆమెకు ఏం జరిగినా అసలు కథకు దాంతో పనిలేదు.

ఇంతమాత్రం చేత ఈ నవలలన్నీ ఒక్కటేనని తేల్చేస్తే అది సోమరి విమర్శ. షరతు ఎక్కడ బిగుసుకుంటుందో ఎక్కడ వదులవుతుందో చూడాలి. రిప్లీ ఉన్నచోట బిగుసుకుంటుంది, ఆమె ఖరీదైన ఆస్తి గనక. ఎవరూ పట్టించుకోని మూల, ఎవరికీ తెలియని మనుషులు ఉన్నచోట రచయితకు కాస్త గాలి ఆడుతుంది. 2018లో అలెక్స్ వైట్ రాసిన ‘ది కోల్డ్ ఫోర్జ్’ అటువంటి మూలలో పుట్టింది. నేను చదివిన ఈ వరస నవలల్లో నిస్సందేహంగా ఇది మెరుగైనది.

ఒక నక్షత్రం దగ్గర కంపెనీ రహస్య పరిశోధనా కేంద్రం. అక్కడ బ్లూ మార్సాలిస్ అనే శాస్త్రవేత్త. వంశపారంపర్య జబ్బుతో మంచం పట్టి చావుకు దగ్గరైన స్త్రీ. తన దేహం కదలదు కనక మార్కస్ అనే మరమనిషి దేహంలోకి తన స్పృహను పంపి పనిచేస్తుంది. కంపెనీ ఆ జీవులతో ఆయుధం చేయమంటే, ఈమె వాటిలో తన జబ్బుకు మందు దొరుకుతుందేమోనని చాటుగా వెతుకుతుంటుంది. అక్కడికి డోరియన్ సడ్లర్ అనే ఆడిటర్ వస్తాడు. ఏ పరిశోధన దండగో, ఎవరిని తీసేయాలో తేల్చడం అతని పని. ఉద్యోగులను భయపెట్టడంలో అతనికి ఒక కళాకారుడి ఆనందం ఉంది. ఆ జీవిని చూసినప్పుడు కూడా అతనికి భయం వేయదు. ముచ్చట వేస్తుంది.

ఇందులో మెచ్చుకోవలసింది ఏమిటంటే, బ్లూను రచయిత సాధువును చేయలేదు. ఆమె ప్రయోగాలకు చింపాంజీలు బలవుతుంటాయి. ఆమెకు తన ప్రాణం ముఖ్యం, దానికోసం ఇతరులను వాడుకుంటుంది. అయినా మనం ఆమె పక్షాన నిలబడతాం. ఆమె దేహం, ఆమె చదువు, ఆమె నడిపే మరో దేహం అన్నీ కంపెనీ సొత్తే అయిపోయిన స్థితిలో, దొంగచాటుగానైనా కొంత శ్రమను తనకోసం మిగుల్చుకుంటోంది. కంపెనీ యంత్రంతో, కంపెనీ సొమ్ముతో, కంపెనీ సమయంలో తన సొంత పని. ఈ రకం నవలలు రాసే రచయిత పరిస్థితికి ఇంతకంటే దగ్గరైన పోలిక నాకు కనిపించలేదు. రచయిత అలా ఉద్దేశించి ఉండకపోవచ్చు. నాకు మాత్రం అలా అందింది. మామూలు సినిమా నవలలో కంపెనీ అంటే మబ్బుల్లో ఉండే చెడ్డ పేరు. ఇక్కడ కంపెనీకి ముఖం, చొక్కా, మాట తీరు ఉన్నాయి. లెక్కల పుస్తకం పట్టుకొచ్చే మనిషి మృగంకంటే భయంకరుడని నమ్మించగలిగిన ఘట్టాలు ఈ నవలలో ఉన్నాయి. చివరి భాగంలో పరుగులు, పేలుళ్ళు ఎక్కువై అది కొంత పల్చబడిందన్నది కూడా చెప్పాలి.

మన పాఠకులకు ఆసక్తి కలిగించే పుస్తకం మరొకటుంది. విలియం గిబ్సన్ ఎనభైలలో మూడో సినిమాకు స్క్రిప్టు రాశాడు, దాన్ని తీయలేదు. 2021లో పాట్ కేడిగన్ దాన్ని నవల చేసింది. అందులో ఒకవైపు కంపెనీ, రెండోవైపు ‘ప్రగతిశీల ప్రజల సమాఖ్య’ అనే శిబిరం. ఆ శిబిరంవాళ్ళు కూడా జీవిని ఆయుధం చేయాలనే చూస్తారు. అభ్యుదయ వాదులకు కోపం రావచ్చు. కాని ఆ శిబిరంలో పనివాళ్ళు, సైనికులు మనుషుల్లాగే ఉన్నారు. అమెరికన్ వినోద సాహిత్యంలో అది తక్కువ విషయం కాదు. అచ్చయ్యేనాటికి సోవియట్ యూనియన్ పోయి ముప్ఫై ఏళ్ళు. ప్రచ్ఛన్న యుద్ధ వాతావరణమంతా పాత గోడ మీద చెరగని పోస్టరులా మిగిలింది. ఇక్కడ కూడా రిప్లీ చాలాభాగం స్పృహ లేకుండానే పడి ఉంటుంది. ఆమెను నిద్రపుచ్చకుండా ఈ కథలు నడవవు కాబోలు.

ఇప్పుడు మళ్ళీ కాంట్రాక్టు దగ్గరికి రావాలి. 2012లో డిస్నీ సంస్థ లూకాస్ కంపెనీని సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్నది. 2019లో ‘ఏలియన్’ సినిమాల సొంతదారైన ఫాక్స్ సంస్థ సినిమా వ్యాపారాన్ని కూడా కలుపుకున్నది. ‘స్టార్ వార్స్’ తొలి నవలకు, ‘ఏలియన్’ మూడు నవలలకు ఫాస్టర్‌కు రావలసిన రాయల్టీ ఆగిపోయింది. పుస్తకాలు అమ్ముడుపోతూనే ఉన్నాయి. 2020 నవంబరులో అమెరికా సైన్సు నవలా రచయితల సంఘం ఈ సంగతి బయటపెట్టింది. సంఘం అధ్యక్షురాలు మేరీ రాబినెట్ కోవాల్ చెప్పినదాని ప్రకారం కొన్నవారి వాదన ఇది: మేం హక్కులు కొన్నాం, బాధ్యతలు కొనలేదు. ఫాస్టర్ అప్పటికి డెబ్భై దాటినవాడు. తనకు కేన్సరు అనీ, భార్యకూ ఆరోగ్యం బాగాలేదనీ బహిరంగంగా రాయవలసి వచ్చింది.

హక్కులు కొన్నాం, బాధ్యతలు కొనలేదు! ఈ మాటను ఒక నవలలో కంపెనీ అధికారి చేత అనిపిస్తే, మరీ అంత పచ్చిగా వద్దు, నమ్మశక్యంగా లేదని మనమే కొట్టేస్తాం. సంకేతం వినిపిస్తే వెళ్ళి తీరాలనే షరతు పనివాడి మీద ఖచ్చితంగా అమలవుతుంది. డబ్బు చెల్లించాలనే షరతు మాత్రం కంపెనీ చేతులు మారగానే గాలిలో కలిసిపోతుందట. భోజనాల బల్ల దగ్గర పార్కర్ అడిగిన ప్రశ్నను అక్షరాల్లోకి ఎక్కించిన రచయిత, నలభై ఏళ్ళ తరవాత అదే ప్రశ్న తన నోటితో అడిగాడు. తేడా ఏమిటంటే పార్కర్‌కు సంఘం లేదు. ఫాస్టర్‌కు ఉంది. ఒక రచయిత కోసం మిగతా రచయితలు గొంతు కలిపారు, ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్ళు ఇంకెవరున్నారో వెతికారు. 2021లో ఫాస్టర్ వ్యవహారం పరిష్కారమైంది. కళ గురించి ఎన్ని మాటలు చెప్పుకున్నా ఆ సంవత్సరం ఈ సాహిత్య శాఖలో జరిగిన ముఖ్య సంఘటన ఇదే.

ఎవరి పేరుతోనో నవలలు రాసిపెట్టి, పేజీల లెక్కన డబ్బు తీసుకున్న రచయితలు తెలుగులోనూ ఉన్నారు. వాళ్ళ పుస్తకాలు ఎవరివో పాఠకులకు తెలియదు. తెలిసినవారు చెప్పలేదు. ఫాస్టర్ విషయంలో కనీసం కాగితం మీద ఒప్పందం ఉంది, దాన్ని పట్టుకుని అడిగేందుకు సంఘం ఉంది. మన పేరులేని నవలాకారుల లెక్క తీయవలసిన పని పరిశోధక విద్యార్థుల కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

బిల్లీ, విల్క్స్ సంగతి మధ్యలో వదిలేశాను. 2016లో రెండో సినిమాకు ముప్ఫై ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంగా వర్హైడెన్ బొమ్మల కథను పాత పేర్లతోనే మళ్ళీ వేశారు. న్యూట్ మళ్ళీ న్యూట్ అయింది, హిక్స్ హిక్స్ అయ్యాడు. అదే సంవత్సరం మరో ప్రచురణ సంస్థ పెర్రీ నవలలను ఒకే సంపుటంగా వేసింది. అందులో వాళ్ళు ఇంకా బిల్లీ, విల్క్స్‌లే. రెండు పుస్తకాలూ ఒకే దుకాణంలో దొరికేవి. రెండింటిలోనూ అదే అమ్మాయి అదే పీడకల నుంచి లేస్తుంది. ఒకదాంట్లో ఆమెకు తన పేరు తెలుసు.